ప్యానెల్ మీద 25 డిగ్రీలు... గని ఎండలో 65

సోలార్ ప్యానెల్‌ను వెనక్కి తిప్పితే ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. ఇన్ని వాట్లు, ఇన్ని వోల్టులు, ఇన్ని ఆంపియర్లు అని వరసగా అంకెలు. ప్యానెల్ వేడిని 25 డిగ్రీల దగ్గర పట్టి ఉంచి, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడేలా చేసి ల్యాబులో తీసిన అంకెలవి. బీటెక్ పుస్తకంలో లెక్క కూడా అక్కడే మొదలై, చాలాసార్లు అక్కడే అయిపోతుంది.

ఏప్రిల్‌లో ఒక మిట్టమధ్యాహ్నం కర్నూలు నుంచి నంద్యాల దారి పట్టి, ఓర్వకల్లు దాటి గని, శకునాల పొలిమేరకు వెళ్లండి. గాలి 42 డిగ్రీల దగ్గర ఉడుకుతుంటుంది. ఆ ఎండలో కాగిన ప్యానెల్ 65 దాకా పోతుంది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 0.4 శాతం చొప్పున దాని సత్తువ తగ్గుతుంది. 40 డిగ్రీల తేడా అంటే 16 శాతం గోవింద. స్టిక్కర్ మీద 300 వాట్లని ఉన్నది 250 దగ్గర ఆగిపోతుంది. ఎండ దంచికొడితే కరెంటు విరగకాస్తుందని అనుకుంటాం కానీ, వెలుతురు బాగా ఉన్న జనవరి పొద్దున ప్యానెల్ ఇంతకన్నా హుషారుగా పనిచేస్తుంది.

పైన పేరుకునే దుమ్ముది వేరే కథ. కడగాలంటే నీళ్లు కావాలి, ఇది రాయలసీమ. బోరు నీళ్లతో కడిగితే అందులోని ఉప్పు ఆరి గాజు మీద తెల్లమచ్చలు కడుతుంది. మధ్యాహ్నం కాగిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. కాబట్టి ఏ నీళ్లు, ఏ వేళ, ఎన్ని రోజులకోసారి, అసలు నీళ్లు లేకుండా బ్రష్షుతో ఊడ్చే యంత్రాలు పెడితే గిట్టుబాటేనా... ఒక్క ప్యానెల్ చుట్టూ ఫిజిక్సు, కెమిస్ట్రీ, మెకానికల్, ఎకనామిక్సు నాలుగూ ఉన్నాయి. అలాంటి ప్యానెళ్లు అక్కడ దాదాపు 6,000 ఎకరాల్లో పరిచి ఉన్నాయి. 2017లో పూర్తయిన ఆ 1,000 మెగావాట్ల పార్కు అప్పట్లో ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి.

ఆ పార్కు నుంచి ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలే. కర్నూలులో ఉన్నాయి, నంద్యాలలో ఉన్నాయి, జగన్నాథగట్టు మీద కేంద్ర ప్రభుత్వ ట్రిపుల్ఐటీడీఎం ఉంది. అయినా సోలార్ ప్రాజెక్టు అనగానే మన పిల్లలు ముందు తెరిచేది ల్యాప్‌టాప్‌లో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్. అందులో ఉష్ణోగ్రత గడిలో 25 అని ముందే నింపి ఉంటుంది. దాన్ని మార్చాలని తోచాలంటే ఆ ఎండలో ఒక పూట నిలబడి ఉండాలి.

పరిశ్రమల అవసరాలకు తగ్గట్టు ఇంజనీరింగ్ చదువు ఉండాలని మంత్రుల నుంచి ప్రిన్సిపాళ్ల దాకా అందరూ అంటున్నారు. ఏ పరిశ్రమ అని అడిగితే మాత్రం వేలు హైదరాబాద్ వైపో, బెంగళూరు వైపో చూపిస్తుంది. క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్షే మన దగ్గర ‘పరిశ్రమ అవసరం’గా చెలామణీ అవుతోంది. గోడ పక్కనున్న పరిశ్రమ ఇంకా పాఠంలోకి రాలేదు. వస్తే ఎలా వస్తుంది, ఎందుకు రావడం లేదు అన్నదే ఈ కథనం.

కాలువ కంపెనీ నేర్పినది

ఈ దేశంలో ఇంజనీరింగ్ చదువు పుట్టిందే పని దగ్గర. 1794లో మద్రాసులో, తర్వాత గిండీ కాలేజీగా మారిన సర్వే స్కూలు పెట్టింది భూములు కొలిచేవాళ్లు కావాలని. 1847లో రూర్కీ కాలేజీ పెట్టింది గంగ కాలువ తవ్వేవాళ్లు కావాలని. మనకూ అలాంటి కాలువ ఒకటుంది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది. అదే కేసీ కెనాల్. ఇంజనీరింగ్‌గా ఘనమైన పని. వ్యాపారంగా చూస్తే కంపెనీ మునిగింది. నల్లరేగడిలో వానకు పండే పంటలతో బతికే రైతులు డబ్బు కట్టి నీళ్లు తీసుకోవడానికి అనుకున్నంతగా ముందుకు రాలేదు. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేయాల్సి వచ్చింది. నేల గుణం, రైతు లెక్క తెలుసుకోకుండా డ్రాయింగు గీస్తే ఏమవుతుందో చెప్పడానికి సివిల్ విద్యార్థులకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. ఏ సిలబస్‌లోనూ ఇది చూసిన గుర్తు లేదు.

సీమకు పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ 1946లో అనంతపురం పేరుతో వచ్చింది. 1980 ప్రాంతంలో కడపలో కేఎస్ఆర్ఎం, 1984లో కర్నూలులో జి.పుల్లారెడ్డి కాలేజీ మొదలయ్యాయి. నేతి మిఠాయిలతో పేరు తెచ్చుకున్న పెద్దమనిషి ఇంజనీరింగ్ కాలేజీ పెట్టడం అప్పట్లో వింతే. అప్పటిదాకా కర్ణాటకకు వెళ్లి డొనేషన్ కట్టి చదివిన సీమ పిల్లలకు ఇంటి దగ్గరే సీటు దొరికింది. 1995లో నంద్యాలలో ఆర్‌జీఎం, 2006లో పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తర్వాత కాలేజీల సంగతి చెప్పక్కర్లేదు, దారి పొడుగునా బోర్డులే. ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. 2024లో ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచిలో సీట్ల మీదున్న పరిమితి ఎత్తేసింది. ఇక కంప్యూటర్ సైన్సు సెక్షన్లకు అడ్డు లేదు. సివిల్, మెకానికల్ క్లాసురూములు మాత్రం ఖాళీ అవుతున్నాయి. సిమెంటు, సోలార్, థర్మల్, గనులు ఉన్న ప్రాంతంలోనే ఈ రెండు బ్రాంచీలూ పిల్లలకు చేదవడం చిత్రం.

ఇడుపులపాయలో ఇంకో దారి

వేంపల్లె దగ్గర కొండల మధ్య ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ఐటీ ఆలోచన మాత్రం పూర్తిగా వేరు. ఎంసెట్ లేదు. పదో తరగతి మార్కులతో ప్రవేశం. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు గ్రేడ్ పాయింట్‌కు 0.4 అదనంగా కలిపారు. మొదట్లో నూజివీడు, బాసరతో కలిపి మూడు ప్రాంగణాలు, ఒక్కోదానిలో ఏటా సుమారు 2,000 మంది, ఆరేళ్ల చదువు, చేతికో ల్యాప్‌టాప్. దీని తొలి చాన్సలర్ రాజ్‌రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరు మనిషి. అదే గిండీలో చదివి, అమెరికా వెళ్లి, కంప్యూటరుకు మాట వినడం నేర్పే పరిశోధనకు పేరుపడి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నవాడు. చేస్తూ నేర్చుకోవాలన్నది ఆయన పట్టుబట్టి చెప్పిన మాట. పదిహేనేళ్ల పిల్లలను తీసుకుని ఆరేళ్లు చేతిలో పెట్టుకుంటే కోచింగ్ సెంటర్ల అలవాట్లు అంటకముందే పని అలవాటు చేయొచ్చన్నది లెక్క.

కూలి పనికి పోయే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఈ ప్రాంగణం నుంచి పెద్ద కంపెనీలకు వెళ్లారు. అది చిన్న విషయం కాదు. కానీ చేస్తూ నేర్చుకోవాలంటే చేయించే మనిషి పక్కన నిలకడగా ఉండాలి. ఒప్పంద అధ్యాపకుల మీద ఏళ్లకేళ్లు నడిచిన సంస్థలో ఆ నిలకడ ఎక్కడి నుంచి వస్తుంది? వీడియో పాఠం ఎంత బాగున్నా, వెల్డింగు జాయింటు విరిచి చూపించి ‘ఇక్కడ చూడు, లోపల గాలి బుడగ’ అని చెప్పలేదు కదా.

గేటు దగ్గర ఆగిపోయే చదువు

కాగితం మీద ఇప్పుడు లోటేమీ లేదు. బీటెక్ చదువుకు 2020లో వచ్చిన ఆర్20 నిబంధనల ప్రకారం రెండో ఏడాది తర్వాత ఒక ఇంటర్న్‌షిప్, మూడో ఏడాది తర్వాత ఒకటి చేయాలి. చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టుకే. వేసవి ఇంటర్న్‌షిప్పుల్లో ఒకదాన్ని ఊరి సమస్య మీద కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుగా చేసుకోవచ్చు. పాలిటెక్నిక్ పిల్లలు ఎప్పటి నుంచో ఆరు నెలలు ఫ్యాక్టరీల్లో శిక్షణ పొందుతున్నారు. బీటెక్ వాళ్లకు ఆ మర్యాద ఇన్నాళ్లకు దక్కింది.

లోకంలో ఇది కొత్తేమీ కాదు. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయం 1906లోనే కొన్నాళ్లు క్లాసు, కొన్నాళ్లు ఫ్యాక్టరీ అనే పద్ధతి పెట్టింది. 1916లో ఎంఐటీ కెమికల్ ఇంజనీర్ల కోసం ప్రాక్టీస్ స్కూల్ తెరిచింది. దాన్ని చూసి పిలానీ బిట్స్ 1973లో మన దేశానికి ఆ పద్ధతి తెచ్చింది: రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, చివర్లో ఐదున్నర నెలలు. మన ఆర్20 లెక్క చూస్తే దానికి తమ్ముడిలానే ఉంది. తేడా ఒక్కచోట ఉంది. పిలానీ వాళ్లు పిల్లలతోపాటు అధ్యాపకుణ్ని కూడా ఆ ఫ్యాక్టరీకి పంపారు. అతను అక్కడే ఉండి, మేనేజర్‌తో మాట్లాడి, సమస్య ఎంచి, పిల్లలకు మార్కులు వేయడమన్నది ఆ పద్ధతికి ప్రాణం. మన దగ్గర విద్యార్థి ఒక్కడే ఉత్తరం పట్టుకుని సెక్యూరిటీ గేటు దగ్గర నిలబడతాడు.

గేటు లోపలి మనిషి ఇబ్బంది కూడా చూడాలి. సిమెంటు ఫ్యాక్టరీకి ఒకేసారి 60 మంది పిల్లలొస్తే హెల్మెట్లు ఎవరివ్వాలి, ప్రమాదం జరిగితే ఎవరు పూచీ? షిఫ్టు ఇంజనీరుకు తన పని తెమలదు. కాబట్టి బస్సులోంచి దింపి, వరసగా నడిపించి, భోజనం పెట్టి, గ్రూపు ఫొటో తీసి పంపేస్తారు. మిగిలిన ఇంటర్న్‌షిప్ ఆన్‌లైన్‌లో ‘వర్చువల్’గా అయిపోతుంది. చివరి ఏడాది ప్రాజెక్టును బైండింగుతో సహా డబ్బుకు అమ్మే సెంటర్ల గురించి తెలియని బీటెక్ విద్యార్థి ఎవరైనా ఉన్నారా? వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా ఆ ప్యాకేజీలోనే వస్తాయి.

నా మట్టుకు నేను తప్పు పిల్లల మీద వేయను. అడిగే మాస్టారికి ఆ ఫ్యాక్టరీ తెలిస్తే కొన్న ప్రాజెక్టు రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది. ఆయన కూడా బీటెక్, ఎంటెక్ అదే దారిలో చదివి, గేటు దాటకుండానే బోధనలోకి వచ్చారు. మొదట గేటు దాటాల్సింది ఆయన. ఒక వేసవి ఎనిమిది వారాలు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఉంటే ఆ కాలాన్ని ప్రమోషన్‌లో లెక్కగట్టాలి. జర్నల్లో పేపరు వేస్తే వచ్చే పాయింట్లలో సగమైనా దీనికి రావాలి. రానంతకాలం ఎవరూ వెళ్లరు. వెళ్లమని ఊరికే చెప్పడం కూడా అన్యాయం.

ఆగకూడని గొట్టం

ఎర్రగుంట్ల, చిలమకూరు, నల్లలింగాయపల్లె, చిన్నకొమెర్ల. ఈ పక్క కాలు పెడితే సున్నపురాయి, దాని మీద సిమెంటు ఫ్యాక్టరీలు. ప్రతి ఫ్యాక్టరీకి గుండెకాయ కిల్న్. కొద్దిగా వాలుగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టం, లోపల అగ్ని ఇటుకల పొర. పదార్థం దాదాపు 1,450 డిగ్రీల దగ్గర కాలి క్లింకర్ అవుతుంది. గొట్టం నిమిషానికి మూడు నాలుగు చుట్లు తిరుగుతూనే ఉంటుంది.

కరెంటు పోతే? క్లాసులో ఈ ప్రశ్నకు ‘ఉత్పత్తి ఆగిపోతుంది’ అని రాస్తే మార్కు పడుతుంది. అక్కడ మాత్రం పరుగులు మొదలవుతాయి. లోపలి వేడికి కాగిన గొట్టం కదలకుండా ఉంటే తన బరువుకు తానే వంగిపోతుంది. ఒకసారి వంగిన కిల్న్ మళ్లీ సరిగా తిరగదు. అందుకే పక్కనే డీజిల్ ఇంజనుతో నడిచే చిన్న డ్రైవ్ ఉంటుంది. దాన్ని అందుకుని కాసేపటికోసారి గొట్టాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ చల్లారబెడతారు. గాలివానకు కూడా ఇదే హడావుడి. వాన ఒకవైపు తడిపితే ఆ వైపు ముడుచుకుంటుంది కాబట్టి. ఉక్కు వేడికి ఎలా మెత్తబడుతుంది, బరువు ఎక్కడ పడుతుంది, ఆధారాల మధ్య గొట్టం ఎలా కుంగుతుంది... మూడు సెమిస్టర్లలో చెదిరిపోయి ఉన్న పాఠాలన్నీ ఆ పది నిమిషాల్లో ఒక్కచోటికి వస్తాయి.

ఆ పక్కనే ముద్దనూరు దారిలో ఆర్‌టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 1994లో మొదటి యూనిట్ మొదలై ఇప్పుడు 1,650 మెగావాట్లు. దాని బూడిద వీళ్ల సిమెంటులో కలుస్తుంది. ఒకరి చెత్త మరొకరికి ముడిసరుకు. ఆ లెక్క కళ్లముందే నడుస్తోంది. ఇటు పాణ్యం వైపు పిన్నాపురంలో గ్రీన్‌కో 1,680 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఉంది. పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం దాని పద్ధతి. బేతంచెర్ల పాలిష్ బండలు, కడప నాపరాళ్లు, మంగంపేట ముగ్గురాయి సంగతి ఎత్తితే ఈ కథనం చాలదు.

రివైండింగ్ షాపు ప్రొఫెసర్లు

పరిశ్రమ అంటే చిమ్నీ, కాంపౌండు గోడ ఉండాలని లేదు. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు, ఏ బస్టాండు సందులో చూసినా బోరు మోటార్ల రివైండింగ్ షాపులు కనిపిస్తాయి. ఈ జిల్లాల సేద్యం వాటి మీద నడుస్తోందంటే అతిశయోక్తి కాదు. ఎండాకాలం వస్తే షాపు ముందు కాలిన మోటార్లు వరసకడతాయి.

అక్కడ పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూడాలి. మోటారు రాగానే కొత్త కుర్రాడు మీటర్ అందుకుంటాడు. ‘మీటర్ తర్వాత తీస్తువులేప్పా, మొదుట వాసన చూడు’ అనే రకం మేస్త్రీ ప్రతి షాపులోనూ ఒకరుంటారు. చుట్టలన్నీ ఒకే తీరున మాడితే లోడెక్కువో, వోల్టేజీ తక్కువో. కొన్ని గుంపులు నల్లబడి కొన్ని కొత్తగా మెరుస్తుంటే ఒక ఫేజు పోయింది. బేరింగులు కూడా అరిగిపోయి ఉంటే నీళ్లు అడుగంటినా మోటారు ఉత్తగా తిరిగింది. తర్వాత పాత చుట్టను కోసి బయటికి లాగి, ఎన్ని చుట్లో లెక్కపెట్టి, తీగ మందాన్ని గేజిలో పెట్టి చూసి, ప్లాస్టిక్ పొర తొడిగిన కొత్త రాగి తీగను ఒక్కో గాడిలోకి చేత్తో ఎక్కిస్తారు. చివర్లో మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూస్తారు. ఆ మేస్త్రీల్లో చాలామందికి డిగ్రీ ఉండదు.

వోల్టేజీ తగ్గితే మోటారు ఎందుకు కాలుతుందో మన ఈఈఈ విద్యార్థికి ఫార్ములా వచ్చు. టార్క్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 415 వోల్టుల చోట 332 వస్తే, అంటే 80 శాతం, టార్క్ 64 శాతానికి పడిపోతుంది. మోటారు లోడు లాగలేక ఎక్కువ కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది, మాడుతుంది. మేస్త్రీకి ఈ వర్గాల లెక్క తెలియకపోవచ్చు. కానీ ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లు తరచూ వస్తున్నాయో ఆయనకు తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఎదురుపడేది ఎక్కడ?

దీని వెనక ఇంకో చిక్కుంది. రైతు రాత్రీపగలూ పొలం దగ్గర కాపు ఉండలేక స్టార్టరుకు ‘ఆటో’ పెట్టుకుంటాడు. లైన్లోకి కరెంటు రాగానే దానంతటది ఆడుతుంది. ఒక్కరు పెట్టుకుంటే సౌకర్యం. ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న అందరూ పెట్టుకుంటే కరెంటొచ్చిన క్షణంలో అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తాయి. వోల్టేజీ దబ్బున కింద పడుతుంది, ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. కరెంటోళ్లు ఆటోలు తీసెయ్యమంటారు, కెపాసిటర్లు పెట్టుకోమంటారు. రైతు వినడు. వాడి కష్టం వాడిది. ఒక్కో మోటారు కొన్ని సెకన్ల తేడాతో లేచేలా చవకగా ఒక పెట్టె తయారు చేయగలరా? ఈసీఈ, ఈఈఈ పిల్లలు ఒక సెమిస్టర్‌లో చేయదగిన పని. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి సమస్య వెతకాలంటే కష్టం. సర్వే ఫారాలు నింపించి ఫొటోలు అంటించే బదులు ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎంచుకుని దాని కింది మోటార్లన్నిటి చరిత్రా రాయించినా చాలు.

కొప్పర్తిలో ఏం కావాలి?

కడప పక్కన కొప్పర్తి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లో సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో మన రెండూ ఉన్నాయి: ఓర్వకల్లు 2,621 ఎకరాలు, 2,786 కోట్లు, కొప్పర్తి 2,596 ఎకరాలు, 2,137 కోట్లు. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలులో వీటికి శంకుస్థాపన చేశారు.

సర్క్యూట్ బోర్డు తయారయ్యే లైన్లో ఏం కావాలో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సోల్డర్ పేస్టు పూసి, ఆవగింజ కన్నా చిన్న భాగాలను యంత్రం అతికించాక బోర్డు ఓవెన్‌లోకి పోతుంది. అక్కడ వేడి ఒక క్రమంలో పెరిగి, 245 డిగ్రీల దాకా వెళ్లి, మళ్లీ తగ్గాలి. భాగానికి ఒక కొసన సోల్డర్ ముందు కరిగితే అది రెండో కొసను లేపి నిట్టనిలువుగా నిలబెడుతుంది. బోర్డు చెత్తబుట్టలోకి. ఎందుకు నిలబడిందో కనిపెట్టాలంటే వేడి, తలతన్యత, పేస్టు మందం మూడూ తెలియాలి. సెలక్షన్లకు బట్టీపట్టిన రైలు-ప్లాట్‌ఫామ్ లెక్కలు ఇక్కడ పనికిరావు.

అలాగని కంపెనీ చెప్పిందల్లా సిలబస్‌లో పెట్టమని నేను అనను. 1990ల చివర్లో అమీర్‌పేట గుర్తుందా? కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీల చిక్కు ‘వై2కే’ కోసం మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకోవడానికి పొలాలమ్మి ఫీజు కట్టినవాళ్లున్నారు. 2000 జనవరి దాటింది, ఆ గిరాకీ పోయింది. కంపెనీ అవసరం ఈ త్రైమాసికానిది, పిల్లవాడి ఉద్యోగ జీవితం 35 ఏళ్లది. కిల్న్ దగ్గర నేర్చుకున్న ఉక్కు గుణం పూనాలోనూ అదే, కువైట్‌లోనూ అదే. అందుకే పని దగ్గర మూలసూత్రం నేర్పాలి. బటన్లు నొక్కడం ఏ కంపెనీ అయినా పదిహేను రోజుల్లో నేర్పుకుంటుంది.

నేర్పేవాళ్లకు కొదవ లేదు. యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే వెసులుబాటు ఇచ్చింది. రంగంలో 15 ఏళ్ల అనుభవం ఉంటే చాలు, పీహెచ్‌డీ అక్కర్లేదు. ఆర్‌టీపీపీలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో రిటైరై ప్రొద్దుటూరులో, కడపలో పొద్దున వాకింగ్‌కు వెళ్లొచ్చి పేపరు చదువుకుంటున్న షిఫ్టు ఇంజనీర్లు ఎంతోమంది. వాళ్లలో ఒక్కరు వారానికి రెండు రోజులు వచ్చినా, ఏ సమస్యకు ఏ గేటు తట్టాలో, లోపల ఎవరితో మాట్లాడాలో కాలేజీకి తెలిసొస్తుంది.

ఇంకో చిన్న చిక్కు. వేసవి ఇంటర్న్‌షిప్పులు మే, జూన్‌లలో వస్తాయి. అప్పుడు సిమెంటుకు గిరాకీ ముమ్మరం. ఫ్యాక్టరీ ఊపిరాడకుండా నడుస్తుంటుంది, పిల్లలను పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. వానలు పడి కట్టుబడి పనులు మందగించాక పెద్ద మరమ్మతులకు కిల్న్ ఆపుతారు. మనిషి లోపలికి దూరి, పాత ఇటుకలు పీకి కొత్తవి పేర్చడం చూడొచ్చు. థర్మల్ యూనిట్ల ఓవర్‌హాల్ కూడా ఎక్కువగా కరెంటు గిరాకీ తగ్గే ఆ కాలంలోనే. యంత్రం విప్పి ఉన్నప్పుడే కదా లోపల ఏముందో తెలిసేది! ఆ రోజుల్లో మన పిల్లలు క్లాసులో మిడ్ పరీక్షలు రాస్తుంటారు. కోర్ బ్రాంచీల వరకైనా ఒక ఇంటర్న్‌షిప్‌ను వానాకాలానికి జరపొచ్చు. కేలండర్ వేసేవాళ్లు ఎర్రగుంట్లకు ఒక ఫోన్ చేసి, ఈ ఏడు కిల్న్ ఎప్పుడు ఆపుతున్నారని అడిగితే తేలిపోయే పని ఇది.